సైన్సు మాస్టారి గుర్తుకు విగ్రహం కన్నా ఎండచుక్క మేలు

ప్రశ్న సారాంశం: జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏళ్ల తరబడి ఫిజికల్ సైన్సు చెప్పిన మాస్టారు ఈమధ్య కాలం చేశారు. పాత టెన్త్ బ్యాచులవాళ్లు కలిసి మూడు లక్షలు పోగేశారు. విగ్రహమని కొందరు, ల్యాబుకి పరికరాలని కొందరు, ఫస్టు వచ్చినవాళ్లకు బంగారు పతకమని ఇంకొందరు అంటున్నారు. ఏది చేస్తే బాగుంటుంది, ఎలా చెయ్యాలి?

నా సలహా ముందే చెప్పేస్తాను. విగ్రహం వద్దు, బీరువా నిండా పరికరాలూ వద్దు. మాస్టారు క్లాసులో చేసి చూపించిన ఐదారు ప్రయోగాలు ఏటా తప్పకుండా జరిగే ఏర్పాటు చెయ్యండి. స్కూలు ఆవరణలో ఎండని కొలిచే ఒక గద్దె కట్టించండి. మిగిలిన డబ్బు అగ్గిపెట్టెలకీ కొవ్వొత్తులకీ ఉంచండి.

పరికరాలు ఎందుకు వద్దంటున్నానంటే, కొత్త సామాను రాగానే స్టాక్ రిజిస్టరులోకి ఎక్కుతుంది. పగిలితే ఎవరు జవాబు చెప్పాలన్న భయం పట్టుకుంటుంది. అక్కడితో తాళం పడుతుంది. పదేళ్ల తర్వాత తీసి చూస్తే పరీక్షనాళికలు కాగితం చుట్టిన చుట్టే ఉంటాయి. మన స్కూళ్లలో ప్రయోగాలు చాలావరకు ఆగేది ఖరీదైన సామాను దగ్గర కాదు, సున్నం అయిపోయింది, సెల్లు అయిపోయింది, టీచరు జేబులోంచి ఎన్నిసార్లు కొంటారు అన్న దగ్గర.

ముందు ఏ ప్రయోగాలో తేల్చుకోండి

వాట్సాప్ గ్రూపులో "సార్ గురించి రాయండి" అని అడిగితే "దేవుడు", "మహానుభావుడు", కింద దండం బొమ్మలు వస్తాయి. వాటితో పని జరగదు. ఒక్కొక్కరికి విడిగా మెసేజ్ పెట్టి మూడే అడగండి: సార్ క్లాసుకి చేతిలో ఏం పట్టుకొచ్చేవారు? ఏది చూసి మీరు నోరు వెళ్లబెట్టారు? ఎప్పుడైనా ప్రయోగం ఫెయిలైతే సార్ ఏం చేశారు? గ్రూపులో అడగొద్దనడానికి కారణం ఉంది. ఒకరు "అయస్కాంతం" అనగానే మిగతా ముప్ఫై మందికీ అయస్కాంతమే గుర్తొస్తుంది. బ్యాచులు వేరైనా రెండు మూడు చోట్ల ఒకే మాట వచ్చిందంటే అదే మాస్టారి అసలు ప్రయోగం. ఎవరింట్లోనైనా పాత రికార్డు పుస్తకం దొరికితే ఎర్రసిరాతో దిద్దిన పేజీలు స్కాన్ చేసి పెట్టుకోండి.

విగ్రహం అనుకున్న చోట శంకువు

ఇప్పటి లెక్కల పుస్తకంలో శంకువంటే కోను. సూర్యసిద్ధాంతం లాంటి పాత గ్రంథాల్లో మాత్రం నీడ కొలవడానికి నిటారుగా నిలబెట్టిన కర్ర. అలాంటిదే ఇనుముతో చేయించాలి. దీనికి కరెంటు అక్కర్లేదు, తాళం అక్కర్లేదు, పదిమంది పిల్లలు చుట్టూ నిలబడి చూడొచ్చు.

చోటు: డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి దిగిపోతాడు కాబట్టి దక్షిణం వైపు ఏముందో చూడాలి. అటువైపు బిల్డింగు ఉంటే దాని ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్ల దూరం జరగండి. వేపచెట్టు ఇప్పుడు చిన్నదే కదా అనుకోవద్దు, పెరుగుతుంది.

గద్దె: తూర్పు పడమరలుగా 2 మీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 1.5 మీటర్లు, ఎత్తు 15 సెం.మీ. చాలు. పైన తాండూరు నాపరాయి గానీ బేతంచెర్ల రాయి గానీ పరిస్తే గీతలు చెక్కించుకోవచ్చు. నేల నల్లరేగడి అయితే మీటరు దాకా తవ్వి, ఆ మట్టి తీసేసి, మొరం పోసి దిమ్మిస కొట్టించాలి. లేకపోతే వానాకాలం ఉబ్బి, ఎండాకాలం నెర్రెలిచ్చి, రెండేళ్లలో గద్దె ఒరుగుతుంది.

ఇక్కడ మేస్త్రీతో ఒక పేచీ వస్తుంది. నీళ్లు నిలవకుండా ఆయన అలవాటు ప్రకారం వాటం ఇస్తాడు. ఇవ్వనివ్వొద్దు. మీటరుకు ఒక సెంటీమీటరు వాటం ఉన్నా డిసెంబరు కొలత ముప్పావు సెంటీమీటరు తప్పుతుంది. రసమట్టం నాలుగు వైపులా పెట్టి చూసి ఒప్పుకోండి. వాన నీళ్లు నిలిస్తే తుడుచుకోవచ్చు.

కమ్మీ: 40 మి.మీ. జీఐ పైపు, 45 సెం.మీ. కాంక్రీటులో, మీటరు పైన. పైపు నుంచి ఉత్తరం వైపుకి ఒక పట్టీ చాపి, దాని చివర 2 మి.మీ. మందం, 12 సెం.మీ. చదరం రేకు వెల్డింగ్ చేయించండి. రేకు మధ్యలో 6 మి.మీ. బెజ్జం. బెజ్జానికీ పైపుకీ 20 సెం.మీ. ఎడం ఉండాలి. బెజ్జం నుంచి రాతి పైముఖానికి సరిగ్గా 100 సెం.మీ. ఉండాలి. లెక్కలు శాతాల్లో వచ్చేస్తాయి కాబట్టి ఏడో తరగతి పిల్లలు కూడా చేసుకుంటారు. రేకు మూలలు గుండ్రంగా అరగదీయించడం మరిచిపోవద్దు, ఆరో తరగతి పిల్లల మొహం ఎత్తులో ఉంటుంది.

ఉత్త కర్ర చాలదా, బెజ్జం ఎందుకు? సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకని మీటరు కర్ర నీడ కొన దగ్గరదగ్గర సెంటీమీటరు మేర మసకగా ఉంటుంది. ఒకరు 31 అంటారు, ఇంకొకరు 32 అంటారు. బెజ్జం అయితే నీడ మధ్యలో రూపాయి బిళ్ల కన్నా చిన్న వెలుగు చుక్క పడుతుంది. దాని నడిమధ్య గుర్తు పెట్టడం ఎవరికైనా తేలిక.

గాలిలేని పొద్దున బెజ్జంలోంచి తూకం గుండు వేలాడదీసి, అది రాతిని తాకే చోట చిన్న గుంట కొట్టించండి. కొలతలన్నీ అక్కడినుంచే, పైపు మొదలు నుంచి కాదు. ఈ గుంట గద్దె దక్షిణపు అంచుకు 35 సెం.మీ. లోపలికి వచ్చేలా ముందే చూసుకోవాలి. అప్పుడు డిసెంబరులో కూడా పది నుంచి రెండు దాకా చుక్క గద్దె దాటదు.

ఉత్తరం దిక్సూచితో పెట్టొద్దు. పైపూ కాంక్రీటులో ఇనుమూ ముల్లుని లాగేస్తాయి. సూర్యసిద్ధాంతంలో చెప్పిన పద్ధతే నయం: గుంట చుట్టూ ఒక వృత్తం గీసి, పొద్దున వెలుగు చుక్క వృత్తాన్ని దాటిన చోటు, మధ్యాహ్నం తర్వాత మళ్లీ దాటిన చోటు గుర్తుపెట్టి రెండూ కలిపితే తూర్పు పడమరల గీత. దానికి లంబం ఉత్తర దక్షిణాలు. వృత్తం ఆ రోజు మిట్టమధ్యాహ్నపు దూరం కన్నా పెద్దదిగా ఉండాలి. ఒక్కటే గీస్తే సరిగ్గా ఆ టైముకి మబ్బు వస్తుంది, మూడు గీయండి. పైపు పాతకముందే మామూలు కర్రతో ఇది చేసుకుంటే గద్దె వంకర పోదు.

హైదరాబాదు అక్షాంశం 17.4 డిగ్రీలు. అక్కడ మిట్టమధ్యాహ్నం చుక్క డిసెంబరు 21న గుంటకు ఉత్తరంగా 86 సెం.మీ., మార్చి 21న, సెప్టెంబరు 23న 31 సెం.మీ. దగ్గర పడుతుంది. జూన్ 21న గుంట దాటి దక్షిణంగా పదిన్నర సెంటీమీటర్ల దూరం వెళ్తుంది. ఈ దక్షిణం వైపు పడటం మన పిల్లలు కళ్లారా చూడాల్సిన సంగతి. ఢిల్లీ పిల్లలకు ఇది ఎప్పటికీ కనిపించదు, వాళ్లది కర్కటరేఖకు అవతల.

మిట్టమధ్యాహ్నం అంటే గడియారం పన్నెండు కాదు. మన టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడ పక్కగా పోతుంది. హైదరాబాదు దానికి 4 డిగ్రీలు పడమట, డిగ్రీకి 4 నిమిషాలు, అంటే సగటున 12.16. మళ్లీ ఏడాది పొడుగునా ఈ టైమూ అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది: నవంబరు మొదట్లో 12 గంటలకే, ఫిబ్రవరి మధ్యలో 12.30కి. పన్నెండు కొట్టగానే చూసి "సార్, తప్పొస్తోంది" అనే పిల్లవాడు ఒకడు తప్పక ఉంటాడు. వాడికి జవాబు చెప్పడంలో ఒక పీరియడ్ గడిచిపోతుంది, గడవాలి కూడా.

సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజులు ఏడాదికి రెండు. హైదరాబాదుకు మే 9, ఆగస్టు 3. మే నెలలో బడి ఉండదు కాబట్టి ఆగస్టే మనది. చుక్క గుంటలోకి దిగేది 12.22 ప్రాంతంలో. ఉత్తరానికి పోయేకొద్దీ ఆ రోజు ముందుకు వస్తుంది: శ్రీకాకుళంలో జూలై 31, ఆదిలాబాదులో జూలై 25 ప్రాంతం. దక్షిణానికి పోతే వెనక్కి: విజయవాడలో ఆగస్టు 6 లేదా 7, తిరుపతిలో ఆగస్టు 16 ప్రాంతం. మబ్బు పడితే దిగులు అక్కర్లేదు. ఆ రోజుల్లో చుక్క రోజుకు నాలుగున్నర మిల్లీమీటర్లే జరుగుతుంది. అటూ ఇటూ రెండు రోజులు చూసినా సెంటీమీటరు లోపే తేడా.

మాస్టారి పేరు ఎక్కడ చెక్కించాలంటారా? ఆయన పుట్టినరోజు నాడు మిట్టమధ్యాహ్నం చుక్క ఎక్కడ పడుతుందో అక్కడ. ఒక ఏడాది పిల్లలే గుర్తుపెట్టాక, రాతిపని వాళ్లతో ఆ చోట చిన్న ఇత్తడి మేకు దిగ్గొట్టించి పక్కన పేరు చెక్కించండి. ఏటా ఆ రోజు ఎండ వచ్చి ఆ మేకు మీద నిలబడుతుంది. నిజానికి ఏడాదిలో ఇంకోరోజు కూడా వస్తుంది, పోయేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి. ఆ రెండో రోజు ఏదో పిల్లల్నే కనిపెట్టనివ్వండి.

డబ్బాల్లో పెట్టవలసిన ప్రయోగాలు

ప్రయోగానికో ప్లాస్టిక్ డబ్బా. లోపల సామాను, ఒక లామినేషన్ కార్డు. కార్డుకి ఒక వైపు చేసే విధానం, రెండో వైపు ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది అన్నది. అడుగున చిన్న అక్షరాలతో మీరు సేకరించిన జ్ఞాపకాల్లోంచి ఆ ప్రయోగానికి సంబంధించిన ఒక్క వాక్యం, బ్యాచ్ సంవత్సరంతో.

కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లించే ప్రయోగం మీ జాబితాలో తప్పకుండా ఉంటుంది. పళ్లెంలో నీళ్లు, మధ్యలో వెలిగించిన కొవ్వొత్తి, పైన గాజు గ్లాసు. కొవ్వొత్తి ఆరుతుంది, నీళ్లు పైకి ఎక్కుతాయి. "గాలిలో అయిదో వంతు ఆక్సిజన్, అది ఖర్చయింది కాబట్టి" అని చాలా పుస్తకాలు చెప్పాయి, మీ మాస్టారూ అలాగే చెప్పి ఉండొచ్చు. అది సరికాదు. నీళ్లు మెల్లగా ఎక్కవు, మంట ఆరాకే గబుక్కున ఎక్కుతాయి. గ్లాసు బోర్లించేటప్పుడు అంచు దగ్గర చూస్తే బుడగలు బయటికి పోతుంటాయి. వేడికి వ్యాకోచించిన గాలి అది. మిగిలిన గాలి చల్లారి కుంచించుకుపోగానే నీళ్లు లోపలికి వస్తాయి. మంట ఆరేటప్పటికి ఆక్సిజన్ చాలావరకు లోపలే ఉంటుంది. అనుమానముంటే అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెట్టండి, నీళ్లు ఇంకా ఎత్తుకు వస్తాయి. ఆక్సిజన్ మూడు రెట్లు లేదు కదా!

మరి అయిదో వంతు చూపించాలంటే? ఇనుప రజను. 15 సెం.మీ. పరీక్షనాళిక లోపలంతా తడిపి, రజను చల్లి, అంటుకున్నాక నీళ్ల గిన్నెలో బోర్లించండి. రెండు మూడు రోజుల్లో రజను తుప్పు పట్టి, నీళ్లు 3 సెం.మీ. ఎక్కి ఆగిపోతాయి. వారమైనా ఇక కదలవు. ఇక్కడ రెండు చోట్ల తప్పుతుంది. వంటింటి స్టీలు పీచు వాడితే ఏమీ జరగదు, అది తుప్పు పట్టని రకం. లేత్ షాపు రజనుకు నూనె అంటి ఉంటుంది, సర్ఫు నీళ్లతో రెండుసార్లు కడిగి, ఓసారి నిమ్మరసంలో జాడించి వాడాలి. ఈ రెండు ప్రయోగాలూ ఒకే డబ్బాలో ఉండాలి, పక్కపక్కన చేస్తేనే సంగతి తెలుస్తుంది.

కొవ్వొత్తి ఆర్పగానే లేచే తెల్లటి పొగకు అగ్గిపుల్ల చూపిస్తే మంట పొగ వెంట దిగి వత్తిని అంటుకోవడం కూడా దీనిలోనే పెట్టండి. మండేది మైనం ఆవిరి అని అర్థమవుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల పైనుంచి తేలిగ్గా దూకుతుంది. ఫ్యాను ఆపకపోతే మాత్రం రాదు. మైకేల్ ఫారడే 1860 క్రిస్మస్ రోజుల్లో లండన్‌లో పిల్లలకు ఒక్క కొవ్వొత్తి పట్టుకుని ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. మనం ఒక్క పీరియడ్ అన్నా ఇవ్వొచ్చు.

సున్నపు తేట: లీటరు నీళ్లకి ఒక చెంచా తమలపాకు సున్నం, బాగా కుదిపి రాత్రంతా వదిలేసి పైతేట వంచుకోవాలి. లీటరు నీళ్లలో గ్రామున్నర చిల్లరే కరుగుతుంది, ఎక్కువ వేసినా అడుక్కే. సీసా మెడదాకా నింపి బిగించకపోతే గాలి తగిలి పైన మీగడలా తెట్టు కట్టి పనికిరాకుండా పోతుంది. స్ట్రాతో ఊదితే పాలలా మారుతుంది. ఊదుతూనే ఉంటే మళ్లీ తేటపడుతుంది. చాలామంది మొదటి సగంతో ఆపేస్తారు, అసలు మజా రెండో సగంలో. ఊదాలి తప్ప పీల్చకూడదు. వాల్ పుట్టీ, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సున్నం కాదు. బట్టీ నుంచి తెచ్చిన రాతిసున్నం పిల్లల చేతికివ్వొద్దు, నీళ్లు తగిలితే సలసల మరిగి కళ్లలోకి చిమ్ముతుంది.

పసుపు కాగితం: 50 మి.లీ. సర్జికల్ స్పిరిట్లో చెంచాడు కొట్టించిన పసుపు కలిపి, వడకట్టి, దళసరి తెల్లకాగితం ముంచి నీడలో ఆరబెట్టాలి. ఎండలో ఆరేస్తే రంగు వెలిసిపోతుంది. సబ్బునీళ్లు తగిలితే ఎర్రబడుతుంది, నిమ్మరసంతో మళ్లీ పసుపు. ఆమ్లాన్ని ఇది పసిగట్టలేదు, దానికి మందార రసం కావాలి: ఆమ్లంలో ముదురు గులాబీ, క్షారంలో ఆకుపచ్చ. కార్డు మీద పారాణి గురించి తప్పక రాయండి. పెళ్లికూతురి కాళ్లకు పెట్టేది ఈ పసుపూ సున్నమే.

చిన్న మోటారు: 26 గేజి ఎనామెల్ రాగి తీగ 1.2 మీటర్లు, పెద్ద టార్చి సెల్లు మీద పది చుట్లు, రెండు వైపులా 4 సెం.మీ. కొసలు. సెల్లు రెండు చివర్లకు రెండు పిన్నీసులు రబ్బరు బ్యాండుతో కట్టి, వాటి కన్నాల్లో కొసలు దూర్చి, కింద స్పీకరు అయస్కాంతం పెట్టాలి. తిరగలేదంటే చాలాసార్లు కారణం ఒకటే: తీగ గీకడం. ఒక కొసకు ఎనామెల్ చుట్టూరా గీకాలి. రెండో కొసకు చుట్టను నిలువుగా పట్టుకుని పైవైపు సగమే గీకాలి. రెండూ మొత్తం గీకితే సగం చుట్టు ముందుకి తోసిన బలమే మిగతా సగం వెనక్కి లాగుతుంది, చుట్ట ఊగుతూ నిలబడిపోతుంది. ఆగి ఉన్నప్పుడు కరెంటు వదిలేస్తే తీగా సెల్లూ కాలతాయి, వెంటనే చుట్ట తీసేయాలి.

కొన్ని మాత్రం మాస్టారు చేశారని మనం చెయ్యకూడదు. అరచేతిలో పాదరసం దొర్లించడం, సోడియం ముక్క నీళ్లలో వెయ్యడం, కప్పను కోయడం. పాదరసం ఒలికితే పగుళ్లలో చేరి నెలల తరబడి ఆవిరవుతూనే ఉంటుంది. కప్ప బదులు మందార పువ్వును నిలువునా బ్లేడుతో కోసి అండాశయం చూపిస్తే ఎనిమిదో తరగతికి చాలు.

డబ్బు సంగతి

గద్దె, డబ్బాలు అన్నీ కలిపి లక్ష దాటనివ్వకండి. మిగతా రెండు లక్షలు డిపాజిట్. ఆరున్నర శాతానికి ఏడాదికి 13,000. పైన చెప్పిన సామాను మళ్లీ మళ్లీ నింపడానికి అది ధారాళంగా సరిపోతుంది. డిపాజిట్ హెడ్మాస్టరు పేరుతో వద్దు, ఆయన బదిలీ అయితే సంతకాల కోసం తిరగాలి. ఏడుగురు ఉంటే 2001 నాటి సొసైటీల చట్టం కింద పూర్వ విద్యార్థుల సంఘం రిజిస్టరు చేసుకోవచ్చు, దాని పేరున వేయండి. రెండేళ్లు ఏ లావాదేవీ లేకపోతే బ్యాంకు ఖాతాను పక్కన పడేస్తుంది, ఏటా కొంతైనా తియ్యండి. స్కూలు కమిటీ తీర్మానంలో ఈ సామాను "వాడితే అయిపోయేది" అని స్పష్టంగా రాయించండి, అప్పుడది వేరే రిజిస్టరులోకి వెళ్తుంది, పగిలినందుకు ఎవరినీ అడగరు. 500 లోపు ఖర్చుకి టీచరు బిల్లు చూపించనక్కర్లేదు, నోటుబుక్కులో రాసి సంతకం పెడితే చాలని ముందే ఒప్పుకోండి.

ఇవన్నీ మొదలుపెట్టకముందు ఇప్పుడు అక్కడ సైన్సు చెబుతున్న టీచరుని కలవండి. "మా సార్ లాంటివాళ్లు ఇప్పుడెక్కడున్నారు" అన్న మాట ఆ గదిలో ఎవరి నోటా రాకూడదు. మీకు ఏ డబ్బాలు పనికొస్తాయి, ఏ నెలలో ఆ పాఠం వస్తుంది అని అడగండి. ఆమెకి గానీ ఆయనకి గానీ ఇష్టం లేని డబ్బా చేయించడం దండగ.

ఏటా జరిపే రోజు విషయంలో చాలామంది ఫిబ్రవరి 28 అంటారు. రామన్ తన ఆవిష్కరణ చేసిన రోజు, 1987 నుంచి జాతీయ సైన్సు దినోత్సవం, బాగానే ఉంది. కానీ అప్పటికి టెన్త్ పిల్లలు ప్రీఫైనల్స్‌లో, స్పెషల్ క్లాసుల్లో మునిగి ఉంటారు. మీ ఊరికి నీడ మాయమయ్యే ఆగస్టు రోజే పెట్టుకోండి. హైదరాబాదు టైము ప్రకారం చెబుతున్నాను, మీ ఊరి మిట్టమధ్యాహ్నానికి తగ్గట్టు జరుపుకోండి: పదకొండున్నరకి డబ్బాలు తెరవండి, పన్నెండుంబావుకల్లా అందరూ గద్దె దగ్గర ఉండాలి. ముఖ్య అతిథి ప్రసంగం ఆ తర్వాతే, 12.22 ఎవరికోసమూ ఆగదు. ఇంకొక్కటి: షామియానా వాళ్లకు ముందురోజే చోటు చూపించండి. చెప్పకపోతే ఖాళీగా, చదునుగా కనిపించిన ఆ గద్దె మీదే తెచ్చి వేస్తారు.